చెవిగాడు చెప్పిన టైము

ఛాంపియన్ అన్న పేరు ఒక్కసారి తగులుకుందంటే చచ్చేదాకా ఊడదు. జుట్టు ఊడుతుంది, పళ్ళు ఊడతాయి, కాళ్ళలో పస పోతుంది, పేరు మాత్రం పోదు. ఆ ఇంటి గుమ్మంలోకి గ్యాసు సిలిండర్ తెచ్చేవాడు కూడా "ఛాంపియన్ గారున్నారా?" అనే అడుగుతాడు. ఆయన ఆఖరిసారి కప్పు ఎత్తి ఎన్నాళ్ళయిందో ఎవరూ అడగరు. అడిగినవాళ్ళకి ఆ ఇంట్లో రెండోసారి కాఫీ పుట్టదు.

ఆయన తమ్ముడికి మాత్రం అలాంటి పేరేమీ లేదు. కార్ల రేసు మైదానంలో అందరూ అతన్ని చెవిగాడనే పిలుస్తారు. ఎందుకంటే అతని బతుకంతా అన్న చెవిలోనే గడిచింది. రేసు జరుగుతున్నంతసేపూ గ్యారేజ్ ముందు గోడ దగ్గర హెడ్‌సెట్ పెట్టుకుని నిలబడడం, ఒక్కో చుట్టూ తిరిగి రాగానే ఎంత సేపు పట్టిందో, ముందున్నవాడు ఎంత దూరంలో ఉన్నాడో రేడియోలో చెప్పడం, ఇదే అతని ఉద్యోగం. పెళ్ళి చేసుకోవడానికి కూడా తీరిక చిక్కలేదు పాపం. రేసుకీ రేసుకీ మధ్య అన్నగారి బట్టలు ఇస్త్రీకి ఇచ్చేది కూడా అతనే.

అయితే ఆ రేడియోలో ఒక రహస్యం ఉంది. మొదటి కప్పు గెలిచిన ఏడాది, ఒక రేసులో చెవిగాడు కంగారులో లెక్క తప్పి, ముందున్న కారు ఉన్నదానికంటే బాగా దగ్గర్లో ఉందని చెప్పేశాడు. అన్న అది నమ్మి, పూనకం వచ్చినవాడిలా నడిపి, నిజంగానే దాన్ని పట్టుకుని దాటేశాడు. ఆ సాయంత్రం తమ్ముడి మెడ చుట్టూ చెయ్యివేసి ఒక శాసనం చేశాడు. ఇకమీదట తన చెవిన చెడ్డమాట పడకూడదు. తను హుషారుగా ఉంటేనే కారు కదులుతుంది. కాబట్టి టైము ఎప్పుడూ కాస్త తీపి చేసి చెప్పాలి. కారులో టైము చూపించే అద్దం మీద ఆ రోజే నల్లటేపు అంటించేశాడు. రేసు అయ్యాక ఇచ్చే కాగితాలైతే ముట్టుకునేవాడే కాదు. కాగితాలు చదివేది నడపడం రానివాళ్ళట!

మొదట్లో ఆ తీపి చిటికెడే. చిటికెడు తీపితోనే ఇంకో రెండు కప్పులు వచ్చాయి. తర్వాత అన్నకి వయసు మీదపడింది, తీపి చెంచాల్లోకి వచ్చింది. ఈ రెండేళ్ళుగా చెవిగాడు దాస్తున్నది ఏకంగా అర సెకను పైమాటే. అర సెకనంటే మనకి రెప్పపాటు. రేసులో అర సెకనంటే కొంప మునిగినట్టే. అంత బాగా నడిపినవాడు చివర్లో ఎందుకు వస్తున్నాడని అన్న నిలదీస్తే, చెవిగాడు టైర్లు మార్చేవాళ్ళ మీదో గాలి మీదో నెట్టేసేవాడు. అన్నకి అదీ నిజమేననిపించేది. చివరికి ఆయన తేల్చింది ఏమిటంటే, తప్పంతా కారుదే. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఆయన వినలేదని కాదు, అది వేరేవాళ్ళ గురించనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే నల్లకార్ల టీమ్ నుంచి కబురొచ్చింది. ఆ టీమ్ నడిపేది ఒకావిడ, అందరూ మేడమ్ అంటారు. ఛాంపియన్ గారు ఒక రోజు వచ్చి తమ కారు నడిపి చూపిస్తే, అదే కారులో తమ టీమ్ డ్రైవరమ్మాయి నడిపిన టైముకి దగ్గర్లోకి వస్తే, రెండేళ్ళపాటు సీటు ఇస్తామంది. ఈ సంగతి పాత టీమ్ పెద్దాయనకి తెలియకుండా ఉంటుందా? ఆయన అన్నదమ్ములిద్దర్నీ పిలిచి తన మాటా చెప్పాడు. ఇంకో ఏడాది నడుపు, ఆ తర్వాత కుర్రాళ్ళకి నేర్పించు, చేతనైనంత కాలం ఇక్కడే ఉండు, తమ్ముడూ ఇక్కడే ఉంటాడు. కానీ ఆ నల్లకార్ల గుమ్మం తొక్కావా, ఈ గుమ్మం మర్చిపో. వారంలోగా చెప్పమన్నాడు.

బయటికి రాగానే అన్న పకపకా నవ్వాడు. కుర్రాళ్ళకి పాఠాలు చెప్పుకుంటూ కూర్చోవడానికి తనేమైనా ముసలి పంతులా అన్నాడు. చెవిగాడు మాత్రం వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. ఆ అమ్మాయి టైము అతనికి తెలుసు. అన్న అసలు టైమూ తెలుసు, తెలియనిది అన్నకొక్కడికే. అదే కారులో ఇద్దర్నీ పక్కపక్కన పెడితే మద్దెల ఓడని చెప్పడానికి ఇంక మద్దెలే ఉండదు. అటు సీటూ రాదు, ఇటు పెద్దాయన గుమ్మమూ ఉండదు. ఇద్దరి బతుకులూ ఒక్క రోజులో వీధిన పడతాయి.

రెండు రోజులు నోట్లో మాట నోట్లోనే నానబెట్టి, చివరికి వదిన దగ్గర కక్కేశాడు. ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. మడతపెట్టడం ఆపలేదు, ఆశ్చర్యపోనూ లేదు.

"అంత్యనిష్ఠూరం కంటే ఆదినిష్ఠూరం మేలయ్యా," అంది. "నేను చెబితే సాధింపు అంటాడు. నువ్వు చెబితే వింటాడు. ఇవాళే చెప్పెయ్."

మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర అన్నకి చెప్పేశాడు. తల ఎత్తకుండా, మొదటి అబద్ధం దగ్గర్నుంచి మొన్నటి రేసు దాకా వరుసగా చెప్పాడు. అన్న ప్లేటు ఖాళీ చేశాడు. చెయ్యి కడుక్కున్నాడు. తువాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.

"ఎంత?" అని అడిగాడు.

"అర సెకను పైనే అన్నా."

"ఇంకెవరికి తెలుసు?"

"వదినకి."

ఆయన తల ఊపి, సాయంత్రం మంచి చొక్కా వేసుకుని తనతో రమ్మన్నాడు. చెవిగాడి గుండెల మీంచి బండరాయి దిగినట్టయింది. పెద్దాయన దగ్గరికి వెళ్ళి సరేనని చెప్పి వచ్చేద్దామని అన్న ఉద్దేశమనుకున్నాడు. పిచ్చి సన్నాసి! కారు పెద్దాయన వీధి మలుపు తిరక్కుండా నేరుగా పోయేదాకా అతనికి అనుమానమే రాలేదు.

నల్లకార్ల ఆఫీసులో మేడమ్ ఇద్దరికీ కుర్చీలు వేయించింది. అన్న కుర్చీలో కూర్చుని, తమ్ముడి భుజం మీద ప్రేమగా చెయ్యివేసి మొదలుపెట్టాడు. రెండేళ్ళుగా తన ఫలితాలు ఎందుకలా ఉన్నాయో ఇవాళ తెలిసిందన్నాడు. ఈ తమ్ముడు తనకి తప్పుడు టైములు చెబుతూ వచ్చాడట. ముందున్నానని నమ్మి తను కాలు తేలిక చేశాడట. నిజం చెప్పి ఉంటే ఎప్పుడో దుమ్ము రేపేవాడట. మీ ఇంజనీరు చేత నిజమైన టైము చెప్పించండి, అప్పుడు చూడండి నా తడాఖా అన్నాడు.

మేడమ్ చెవిగాడి వైపు తిరిగి, ఇది నిజమేనా అని అడిగింది. శాసనం చేసిందెవరో అతను చెప్పొచ్చు. టేపు అంటించిన చెయ్యి ఎవరిదో చెప్పొచ్చు. భుజం మీద అన్న వేళ్ళు కాస్త బిగుసుకున్నాయి. ఎంతైనా అన్న కదా.

"నిజమేనండి," అన్నాడు.

ఆవిడ మొహంలో అసహ్యం దాచుకోలేదు. డ్రైవరు ప్రాణం చేతిలో ఉన్నవాడు రేడియోలో అబద్ధం చెప్పడమంటే ఏమిటో తెలుసా అంది. పరీక్ష రోజున ఇతను గోడ దగ్గరికి రాకూడదంది. అలాంటి మాట ఆ గదిలో ఆగుతుందా? మర్నాటికి మైదానమంతా పాకిపోయింది. నిన్నటిదాకా టీ ఇచ్చి కూర్చోబెట్టినవాళ్ళు చెవిగాణ్ణి చూసి మొహం తిప్పుకున్నారు. ఇక ఏ టీమూ అతని చేతికి హెడ్‌సెట్ ఇవ్వదు. పెద్దాయన అయితే ఫోను కూడా ఎత్తలేదు.

ఆ సాయంత్రం మేడమ్ ఆఫీసు నుంచి ఇంటికి వస్తూ కారులో అన్న తమ్ముడి మొహం చూసి విసుక్కున్నాడు.

"ఏదో ఒకటి చెప్పాలి కదరా. అయినా నీదేం పోయింది? పోవడానికి నీకు పేరెక్కడుంది?"

అది తిట్టు కాదు. ఆయన నిజంగానే ఓదార్చాననుకున్నాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు కూడా.

పరీక్ష రోజు వచ్చింది. చెవిగాడు రాకుండా ఉండాల్సింది, కానీ కాళ్ళకి వేరే దారి తెలియదు. వచ్చి, గ్యారేజ్ వెనక ఇనప కంచె పట్టుకుని నిలబడ్డాడు. కొత్త ఇంజనీరు ఉన్నదున్నట్టు చెప్పడం మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి కంటే ముప్పావు సెకను వెనక. అన్న గడియారం సరిచూసుకోమన్నాడు. చూసుకున్నారు, గడియారం బాగానే ఉంది. రెండోసారి టైర్లు చల్లగా ఉన్నాయన్నాడు. మూడోసారి సీటు ఇరుకన్నాడు. నిజమైన టైము చెవిన పడేకొద్దీ ఆయన కాలు ఇంకా బరువెక్కింది. వింటున్న పనివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పొద్దు వాలుతోంది, మైదానం మూసే వేళయింది, ఒక్క సెట్టు కొత్త టైర్లు మాత్రం మిగిలాయి.

మేడమ్ కంచె దగ్గరికి వచ్చింది.

"నాకు మీ అన్న పేరు కావాలి," అంది సూటిగా. "పావు సెకను లోపుకి తెచ్చినా సరిపెట్టుకుంటాను. మీ ఇద్దరి సంగతీ నాకు అర్థమైంది. వచ్చి ఏం చెబుతావో చెప్పు."

చెవిగాడు హెడ్‌సెట్ పెట్టుకున్నాడు. గ్యారేజ్‌లో చెవులకి హెడ్‌సెట్ ఉన్న ప్రతివాడికీ అన్నదమ్ముల మాటలు వినిపిస్తాయి. అలవాటైన గొంతు వినగానే అన్న గొంతు లేచింది. తమ్ముడు టైములో కాస్త తీపి కలిపాడు. వెనకే ఉన్నావు, కానీ అందుకుంటున్నావు, పెద్ద మలుపులో ఆలస్యంగా బ్రేకు వెయ్యి అన్నాడు. కారు వింది. ఆ చుట్టు అయ్యేసరికి తేడా సగానికి దిగింది. తర్వాతి చుట్టులో ఇంకాస్త తగ్గింది. ఇంజనీరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇంకొక్క చుట్టు, అంతే, పావు సెకను లోపుకి వచ్చేస్తుంది, రెండేళ్ళ సీటు చేతిలో పడుతుంది. చెవిగాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ క్షణాన అతను అన్నీ మర్చిపోయాడు.

అప్పుడు రేడియోలో అన్న మాట్లాడాడు.

"చూశావురా, నిజం చెబితే ఎలా నడుపుతానో. ఇన్నాళ్ళూ నా నోట్లో మట్టి కొట్టింది నువ్వేరా."

గ్యారేజ్‌లో అందరూ విన్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. ఈసారి అన్న ఎదురుగా మేడమ్ లేదు, సీటు కోసం ఏదో ఒకటి చెప్పాల్సిన అవసరం లేదు. ఆ మాట అన్న మనసులోంచే వచ్చింది. తను అల్లిన కథని తనే నమ్మేశాడు.

కారు ఆఖరి మలుపు దగ్గరికి వచ్చింది. చెవిగాడు రేడియో మీట నొక్కి, ఎప్పటి కంటే మెత్తగా చెప్పాడు.

"ముందున్నావన్నా. ఆ అమ్మాయిని దాటేశావు. ఇంక చాలు, టైర్లెందుకు అరగదీయడం? లోపలికి వచ్చెయ్."

ఇంజనీరు మీట మీదికి చెయ్యి చాచేలోగా కారు మెల్లబడి లోపలికి తిరిగిపోయింది. అబద్ధాలకోరని ఊరంతా చాటింది ఆయనే, అయినా ఒక్క క్షణం అనుమానించలేదు. నమ్మడానికి మనిషికి నిజం అక్కర్లేదు, అలవాటు చాలు.

అన్న కారు దిగి, హెల్మెట్ తీసి, చెమట మొహంతో నవ్వుతూ రెండు చేతులూ పైకెత్తాడు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. గ్యారేజ్ మూల నిలబడ్డ ఆ అమ్మాయి తన బూట్ల వైపు చూసుకుంది. ఆయన గ్లవ్స్ తీసేసి మేడమ్ ముందు చెయ్యి చాచాడు. సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాడు.

"ఇంక మైదానం మూసేస్తారండి," అంది ఆవిడ. "మీ తమ్ముడు మిమ్మల్ని ఇంటికి తీసుకెళ్తాడు."

చాచిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఆయన ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చి, చివరికి తమ్ముడి మొహం దగ్గర ఆగాడు.

"ఎంతరా?" అన్నాడు.

చెవిగాడు హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టాడు.

"నీకెంత కావాలంటే అంతన్నా."