కొలతల చీటీల వెనక

మా ఆయన దర్జీ. నలభై ఏడేళ్లొచ్చాయి, పదో తరగతి ఇంగ్లీషు మాత్రం రెండుసార్లు తప్పాడు. మూడోసారి సోమవారం రాయాలి. పాసైతే కుట్టు శిక్షణ కేంద్రంలో మాస్టారి ఉద్యోగం ఇస్తామన్నారు. సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. మళ్లీ తప్పితే పరువు పోతుందని ఆయన బెంగ.

ఆయన్ని ముప్పుతిప్పలు పెట్టినవి ‘కన్’తో మొదలయ్యే మాటలు. కన్ఫెస్, కన్సెంట్, కన్సీల్, కన్సోల్. అన్నీ ఒకే తానులో ముక్కల్లా కనబడుతున్నాయనేవాడు. అందుకని కుట్టిన బట్టకు గుచ్చే కొలతల చీటీ వెనక ఒక్కో మాటా, అర్థమూ రాసి, ఆ బట్టల్ని ఎదురుగా తీగకు తగిలించాడు. మిషను తొక్కుతూ తలెత్తితే చదువే.

శనివారం ఆయన దారాలు కొనడానికి వెళ్లినప్పుడు, నేను ఆ బట్టలన్నీ ఇంటింటికీ ఇచ్చొచ్చాను. చీటీలతో సహా.

ఖాళీ తీగ చూసి ఆయన నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. తప్పు నాదే. అయినా తగ్గలేదు. చదువుకునేవాళ్లు పుస్తకంలో రాసుకుంటారు గానీ, ఊళ్లోవాళ్ల చొక్కాల మీద కాదని దెబ్బలాడాను.

ఆదివారం పొద్దున్నే పోస్ట్‌మ్యాన్ కన్ఫెస్ చీటీతో వచ్చాడు. ‘తప్పు ఒప్పుకోవడం’ అని చదివి, తనకే రాశామనుకున్నాడట. పోయినేడు మా గొడుగు పట్టుకెళ్లింది తనేనని చెప్పి, దాన్ని గుమ్మానికి తగిలించాడు. వెనకే పళ్లకొట్టు తాత చిందులేస్తూ వచ్చాడు. కన్సీల్ అంటే దాచడమని చదివిన కోడలు, తాత కోటుకున్న దొంగజేబు వెతికి, అందులో దాచుకున్న మిఠాయిలన్నీ లాగేసుకుందట. ఎదురింటి నర్సేమో, పెళ్లికి ఒప్పుకోమని వెంటపడుతున్నవాడే కన్సెంట్ చీటీ పెట్టించాడనుకుని, వాడికి సరేనని చెప్పేసిందట.

గుట్టు రట్టయింది, రెండుసార్లు తప్పిన సంగతీ ఊరంతా తెలిసింది. ఎవరూ నవ్వలేదు, బాగా రాయమన్నారు. పరీక్షలో ఒక్కో మాటకూ ఒక్కో ముఖం గుర్తొచ్చిందని ఆయన సంబరంగా చెప్పాడు.

రిటైరైన టీచరమ్మగారికి వెళ్లిన కన్సోల్ ఒక్కటే తిరిగి రాలేదు. అర్థం మళ్లీ పుస్తకంలో చూసుకున్నాడు గానీ, ముఖం లేని మాట బుర్రలో నిలవలేదు.

పాసయ్యాడని తెలిసిన సాయంత్రం ఆవిడ చీటీతో వచ్చింది.

“తప్పితే తెచ్చిద్దామని దాచాను నాయనా. ముందు రెండుసార్లూ ఎవరూ వచ్చి ఉండరుగా.”

మా ఆయన ‘ఓదార్చడం’ అని పైకి చదివి, నవ్వబోయి ఏడ్చేశాడు. పరీక్షలో వదిలేసింది ఆ ఒక్క మాటేనట. నాకూ కళ్లనీళ్లాగలేదు. చూసుకోకుండా చీటీలు ఇచ్చెయ్యడం నా తప్పేనని అప్పుడు ఒప్పుకున్నాను.