సువార్తమ్మ ఇంటి ఉగ్గుగిన్నె

నేను ఒక ఉగ్గుగిన్నెను. ఆ మధ్యాహ్నం సువార్తమ్మ పెరట్లో కూర్చుని నన్ను చింతపండుతో తోముతోంది. ముందు పొట్ట, తర్వాత అంచు, చివరికి ముక్కు. ముక్కు దగ్గర ఆమె చాలాసేపు ఆగుతుంది.

నన్ను పోతపోసిన కంచరి ఈ ముక్కు కోసమే తిప్పలు పడ్డాడు. మరీ సూదిగా ఉంటే చిగుళ్ళకు గుచ్చుకుంటుంది. మరీ వెడల్పైతే పాలు ఒక్కసారిగా గొంతులో పడతాయి. అందుకే నాకు కాస్త గర్వం. బిందెలు ఎంత పెద్దవైనా, ఏడుస్తున్న పిల్ల నోట్లోకి వెళ్ళే దారి వాటికి తెలియదు.

మొదట ఒక కలిగినవారి ఇంట్లో ఉన్నాను. వాళ్ళ పిల్లవాడికి పళ్ళు రాగానే నన్ను అటక మీద పారేశారు. మనుషులంతే. నమలడం వచ్చాక ఉగ్గు తాగిన సంగతి మర్చిపోతారు. తర్వాత పాత ఇత్తడి కొట్లో పడి ఉన్న నన్ను సువార్తమ్మ తెచ్చుకుని, లోపల కొత్తగా కళాయి వేయించింది. ఆమె మిషన్ ఆసుపత్రి పిల్లల వార్డులో ఆయాగా చేసి వచ్చిన మనిషి. నాట్ల రోజుల్లో పేటలోని తల్లులు జ్వరాల పిల్లల్ని ఆమె వసారాలో పడుకోబెట్టి పొలానికి పోతారు. ఆమె ఒక్కొక్కరి నుదుటి మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తుంది. చిన్న ప్రార్థనే. పొడుగైతే పొయ్యి మీద గంజి మాడిపోతుందని ఆమె భయం. ఆ పిల్లలు కొరికిన గాట్లు నా ముక్కు నిండా ఉన్నాయి. ఏ వెండిగిన్నెకు ఇన్ని నగలున్నాయో చూపించండి.

నన్ను ఇంకా కడుగుతూ ఉండగానే పెద్దవీధి వీరరాఘవమ్మగారు మనవరాలు హైమను భుజాన వేసుకుని వచ్చారు. పిల్ల తల్లి పురిటికి పట్నం వెళ్ళింది. ఆర్‌ఎంపీ డాక్టరు ఊళ్ళో లేడు. పట్నం బస్సు మళ్ళీ పొద్దున గానీ రాదు. హైమకు తెల్లవారినప్పటి నుంచి విరేచనాలు. కళ్ళు లోతుకు పోయాయి.

"చూసి ఏం చెయ్యాలో చెప్పు సువార్తా. ముట్టుకోకు," అన్నారావిడ.

"నీళ్ళు పట్టారా అమ్మా?"

"చుక్క పొయ్యలేదు. పోస్తే ఇంకా పోతుంది కదే."

"పోయిందంతా నీళ్ళే కదమ్మా. మళ్ళీ పొయ్యకపోతే పిల్ల ఎండిపోదూ?"

సువార్తమ్మ కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పూ పంచదారా కలిపి, నన్ను పక్కన పెట్టి, దూరంగా జరిగింది.

"మీ ఇంటి నీళ్ళు మా పిల్లకెలా పట్టనే?"

"అయితే గిన్నె పట్టుకెళ్ళి మీ నీళ్ళతోనే పట్టండి. ఇత్తడేగా, తోముకుంటే మీకు మైల ఉండదు."

వీరరాఘవమ్మగారు నిజంగానే పిల్లను చాప మీద పడుకోబెట్టి, చింతపండు తీసుకుని నన్ను మళ్ళీ తోమడం మొదలుపెట్టారు. అప్పటికే మెరుస్తున్న నన్ను. ఇత్తడికి ఇన్ని స్నానాలు చేయించే మనుషులు, తమ మనసును ఒక్కసారీ తోముకోరు.

"ఏడుస్తోంది గానీ కంట్లో నీళ్ళు లేవు, చూశారా అమ్మా?" అంది సువార్తమ్మ మెల్లగా.

ఆవిడ చెయ్యి ఆగింది. పిల్ల మొహం వంక చూశారు. నన్ను ముందుకు చాచారు.

"ఆ నీళ్ళే పొయ్యవే," అన్నారు.

ఆవిడ పట్టిన మొదటి గుక్క హైమ కక్కేసింది. కాసేపాగి మళ్ళీ పట్టారు. ఆవిడ తొందరలో నన్ను ఎక్కువ వంచేసరికి నీళ్ళు పిల్ల మెడ మీదికి కారాయి. అప్పుడు ఆవిడే పిల్లను తీసి సువార్తమ్మ ఒళ్ళో పెట్టారు. సువార్తమ్మ పట్టింది. చుక్క, ఇంకో చుక్క. పిల్ల నా ముక్కును గట్టిగా కొరికింది. అంత బలం వచ్చినందుకు పొంగిపోయాను.

పొద్దు వాలేసరికి హైమ ఒంటేలు పోసి సువార్తమ్మ చీర తడిపింది.

"స్తోత్రం ప్రభువా," అని నవ్విందామె. "ఒంట్లో నీళ్ళు నిలిచాయమ్మా."

"చీర పాడైపోయిందే."

"నా ప్రభువు కుష్టురోగుల్ని ముట్టుకున్నాడు. నాకు చీర తడిసింది, అంతే. రాత్రంతా ఇలాగే పట్టిస్తూ ఉండండి. పొద్దున మొదటి బస్సుకి పట్నం ఆసుపత్రిలో చూపించండి."

తన చెంబు నిండా ఆ నీళ్ళు పోసి గడప దగ్గర పెట్టి, సువార్తమ్మ పక్కకు తప్పుకుంది. తీసుకోమని అడగలేదు.

వీరరాఘవమ్మగారు పిల్లను ఎత్తుకున్నారు. నన్ను బొడ్లో దోపుకున్నారు. వంగి చెంబు అందుకున్నారు. దాన్ని కొంగు కింద దాచుకోలేదు. వీధి అరుగుల మీద జనం చూస్తుండగా, ఆ చెంబు చేత్తో పట్టుకుని గడప దాటి వెళ్ళిపోయారు.