ఫలకానికి కుట్టిన తెర

టైలరమ్మకు ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి! చౌరస్తాలో, సరిగ్గా తన కొట్టుకి ఎదురుగా, నిలువెత్తు నల్లరాతి ఫలకం నిలబెట్టారు. దాని మీద బంగారు రంగు అక్షరాలు: ‘మహానాయకుడు కారు దిగి, స్త్రీల మొర ఆలకించిన పుణ్యస్థలం.’

దిగాడట! ఆ స్త్రీలలో అందరికంటే ముందు నిలబడింది టైలరమ్మ తల్లే. ఊరికి కాన్పుల ఆసుపత్రి కావాలని అర్జీ పట్టుకుని పొద్దుటి నుంచీ ఎండలో మాడారు. కారు వచ్చింది. కిటికీకి తెర వేసి ఉంది. ఆ తెర కదలనైనా కదలలేదు. వెనక వచ్చిన జీపు మాత్రం ఆవిడ పాదం మీదుగా పోయింది. ముసలామె ఇప్పటికీ కొట్లో ఓ మూల కూర్చుని గుండీలు కుడుతూ, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆ సంగతి చెబుతూనే ఉంటుంది.

ఫలకం మీదున్నది చదివి వినిపించిన రోజున ఆవిడ సూది పక్కన పెట్టేసింది.

"ఇన్నాళ్ళూ నేను చెప్పింది అబద్ధమని రాతి మీద చెక్కించారన్నమాట. రేపు నీ పిల్లలు దేన్ని నమ్ముతారే?"

ఆ తర్వాత ఎవరొచ్చినా ఆ ఊసే ఎత్తలేదు. వాగుడుకాయ లాంటి అమ్మ నోరు మూగబోతే కూతురు చూస్తూ ఊరుకోలేకపోయింది.

వెళ్ళి మున్సిపల్ చైర్మన్‌గారిని ఆ రాత మార్చమని అడిగింది. చెక్కించిన రాయిని ఇప్పుడెవరు మారుస్తారమ్మా అని ఆయన నవ్వేశాడు. పైపెచ్చు, ఆవిష్కరణకి తెర కుట్టే పని ఆమెకే అంటగట్టాడు. గాలికి విడిపోకుండా రెండు రెక్కలకీ మధ్యలో కచ్చాకుట్టు వెయ్యాలి, తాడు లాగగానే పుటుక్కున ఊడిపోవాలి. బడిపిల్లల యూనిఫాంలు కుట్టే పని కూడా మున్సిపాలిటీదేనని గుర్తుచేసి మరీ పంపాడు. అంటే నోరు మూసుకోమని.

సరే, నోరు మూసుకునే వచ్చింది. వచ్చి, గోనెసంచులు కుట్టే దారం బయటికి తీసింది. పైనుంచి కిందిదాకా వరస మీద వరసగా పక్కాకుట్టు వేసింది. తల్లి చూసింది. దారం అయిపోయినప్పుడల్లా సూదిలోకి ఎక్కించి ఇచ్చింది.

ఆవిష్కరణ నాడు చౌరస్తా నిండా జనం. చైర్మన్‌గారు మైకులో మహానాయకుణ్ణి ఆకాశానికెత్తి, తాడు లాగాడు. తెర బిగుసుకుంది. ఈసారి బలంకొద్దీ లాగాడు. తాడు తెగి చేతిలోకొచ్చింది. ఎవరో కిసుక్కున నవ్వారు, ఇక ఆ నవ్వును ఆపడం ఎవరి తరమూ కాలేదు.

మొహం కందగడ్డయిన చైర్మన్ కత్తెర పట్టుకు రమ్మన్నాడు. కత్తెర టైలరమ్మ చేతిలోనే ఉంది. ఆమె కదల్లేదు.

"తేనండి. ఆ రోజు కారు తెర కూడా తెరుచుకోలేదు. రాయి మార్చండి, ఈ కుట్టు నేనే విప్పుతాను."

యూనిఫాంల మీద ఆశ వదులుకోమన్నాడు ఆయన పళ్ళు నూరుతూ. ఎప్పుడో వదులుకున్నానంది ఆమె.

ఈలోగా చేతికర్ర చప్పుడైంది. ముసలామె కుంటుకుంటూ వస్తోంది. జనం పక్కకి జరిగి దారిచ్చారు. ఆవిడ చెప్పు విడిచి, వంకర తిరిగిన పాదాన్ని అందరికీ కనబడేలా ఫలకం గట్టు మీద పెట్టి, మైకు దగ్గరికి లాక్కుంది.

"ఆయన దిగలేదు," అని మొదలుపెట్టింది.