తొమ్మిది సంతకాలు

సోమవారం పొద్దున మూడో తరగతి గదికి కొత్త తాళం వేసి ఉంది. పిల్లలు బ్యాగులు ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చున్నారు. వాళ్ళ బెంచీలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి గోడవారకి నెట్టారు. పక్కనున్న నాలుగో తరగతి గదిలోకి ఇద్దరు హమాలీలు సిమెంటు బస్తాలు మోస్తున్నారు. నల్లబల్ల మీద శుక్రవారం చెప్పిన భాగహారం అలాగే ఉంది. దాని సగం దాకా బస్తాలు వచ్చేశాయి.

ఆ గోడలకి పోయిన వేసవిలో సున్నం వేసింది మేం. తల్లిదండ్రుల కమిటీ అంటే మాకు ఇదే పని. సున్నం వెయ్యడం, మరుగుదొడ్డి తలుపు బిగించడం, తొట్టి కడగడం. నా చేతులు పొక్కిపోయి వారం రోజులు మిషను మీద గుడ్డ సరిగ్గా పట్టలేకపోయాను. అలాంటి గదిలో ఎవడివో బస్తాలు చూస్తే ఒళ్ళు మండదా?

"ఏంటి సార్ ఇది?" అన్నాను పెద్దసారుతో.

ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "మీరే కదమ్మా తీర్మానం చేశారు," అన్నాడు.

నోటీసు బోర్డు చూపించాడు. 'తల్లిదండ్రుల కమిటీ ఏకగ్రీవ తీర్మానం మేరకు మూడు, నాలుగు, ఐదు తరగతులను వచ్చే సోమవారం నుంచి పెద్దరోడ్డు అవతలి పాఠశాలలో విలీనం చేయడమైనది. ఖాళీ అయిన గదులను నిర్మాణ సామగ్రి నిల్వ కోసం కాంట్రాక్టరుగారికి అప్పగించడమైనది.' కింద కమిటీ సభ్యుల పేర్లు. నలభై తొమ్మిది. మూడో వరసలో నా పేరు.

అలాంటి తీర్మానం గురించి మేం కలలో కూడా వినలేదు.

మీలో పిల్లల్ని బడికి పంపేవాళ్ళున్నారు, ఇంకా చదువుకుంటున్నవాళ్ళున్నారు. అందుకని నాకేం పోయిందో ముందే చెప్తాను. నేను షర్టులు కుట్టే షెడ్డులో పని చేస్తాను. తొమ్మిదికి మిషను ముందు లేకపోతే సూపర్‌వైజరు గేటు వేయిస్తాడు. మా ఆయన లారీ మీద వెళ్తే పది రోజులకి గాని ఇంటి మొహం చూడడు. అవతలి బడి కూడా తొమ్మిదికే మొదలవుతుంది. మధ్యలో పెద్దరోడ్డు, ఆగకుండా లారీలు. మా చిన్నదానికి ఎనిమిదేళ్ళు. దాన్ని రోడ్డు దాటించేవాళ్ళు ఎవరూ లేరు.

సూపర్‌వైజరు ఈ మాట ఎప్పట్నించో అంటూనే ఉన్నాడు. "పిల్ల పెద్దదైందిగా, తీసుకొచ్చెయ్. దారాలు కత్తిరిస్తూ కూర్చుంటుంది." షెడ్డు మూలన అలా దారాలు కత్తిరించే ఆడపిల్లలు ఆరుగురున్నారు. ఒకసారి అక్కడ కూర్చున్న పిల్ల మళ్ళీ బడికి వెళ్ళడం నేను చూడలేదు. ఇప్పుడు నా కూతురికి మిగిలినవి రెండే. ఆ బడి గది, లేకపోతే ఆ మూల.

ఇక సంతకాల సంగతి. సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి.

మా బడిలో మీటింగంటే ముందు సంతకాలు, తర్వాత మాటలు. అందరికీ పనుల తొందర. ఒకడు ఆటో గేటు బయట పెట్టి వస్తాడు, ఇంకొకడు రంగు బకెట్టు చేత్తో పట్టుకునే వస్తాడు. పెద్దసారు పుస్తకం తెరిచి, "పైన చోటు వదిలి సంతకాలు పెట్టండి, విషయం నేను తర్వాత రాసుకుంటాను," అంటాడు. మేం పెట్టేసి, ఆయనిచ్చిన టీ తాగి వెళ్ళిపోయేవాళ్ళం. మూడేళ్ళుగా ఇదే వరస. ఆ ఖాళీ చోట్లో ఏం రాశారో తిరగేసి చూసిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

అంతటితో ఆగితే బాగుండేది. మా షెడ్డులో ఇంకో తొమ్మిది మంది ఆడవాళ్ళ పిల్లలు ఆ బడిలోనే చదువుతారు. వాళ్ళకి సెలవు దొరకదు. "అక్కా, నువ్వెలాగూ వెళ్తున్నావుగా, నాది కూడా పెట్టెయ్," అనేవాళ్ళు. నేను పెట్టేసేదాన్ని. ఒకటి వాలుగా, ఒకటి గుండ్రంగా, ఒకటి కింద గీత గీసి. తొమ్మిది రకాల చేతిరాత పెట్టగలనని మురిసిపోయేదాన్ని కూడాను. షెడ్డులో నా పేరే 'కమిటీ' అయిపోయింది. ఏం కమిటీయో, నా మొహం.

ఆ రోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర వాళ్ళకి చెప్పాను. పక్క మిషను మీద కూర్చునే పొడుగక్క నోటిదాకా వచ్చిన ముద్ద ఆపేసింది.

"అంటే మా పిల్లల్ని బడిలోంచి గెంటెయ్యమని మేమే రాసిచ్చామా?"

"మీరు కాదక్కా. నేను."

"బాగుందే. మేం ఇక్కడ నడుములు విరగ్గొట్టుకుంటుంటే నువ్వెళ్ళి టీ తాగి మా కొంప ముంచొచ్చావు."

"పెట్టమన్నది మీరు కాదూ?"

"పెట్టమంటే? చదవకుండా పెట్టమన్నామా?"

ఇంకొకామె గయ్యిమంది, "చదవమని ఎవరు చెప్పారు? మన బతుక్కి చదివే తీరికేదీ? దాన్నంటావేంటి, ఆ పెద్దసార్ని అను." గంట కొట్టేదాకా ఒకళ్ళనొకళ్ళం తిట్టుకుంటూనే ఉన్నాం. కాంట్రాక్టరు అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. అదీ మా తెలివి.

బుధవారం పదిహేను మందిమి విద్యాశాఖ ఆఫీసుకి వెళ్ళాం. నేను సగం పూట సెలవు అడిగితే సూపర్‌వైజరు నన్ను పురుగుని చూసినట్టు చూశాడు. ఆఫీసులో ఒక గదిలోంచి ఇంకో గదికి, ఆ గదిలోంచి మళ్ళీ మొదటి గదికి. తల ప్రాణం తోకకొచ్చాక అధికారి దొరికాడు. ఆయన మా బడి పుస్తకం ముందు పెట్టుకునే కూర్చున్నాడు.

"బడిలో ఎనభై ఎనిమిది కుటుంబాలు. సగానికి మించి సంతకాలు కావాలి. నలభై తొమ్మిది ఉన్నాయి. ఇంకేం మాట్లాడాలి?"

"మేం పెట్టినప్పుడు అక్కడేం రాసి లేదు సార్," అన్నాడు గోడలకి రంగులేసే బాబాయ్. మా అందరిలోకీ పెద్దవాడు, మనవణ్ణి బడికి దింపేది ఆయనే.

"ఏమీ లేని కాగితం మీద ఎవరైనా సంతకం పెడతారా? చిన్నపిల్లలా మీరు?"

పెట్టామని చెప్పుకోవడానికి అందరికీ చిన్నతనమే.

నేను లెక్క వేసుకున్నాను. నలభై తొమ్మిదిలో తొమ్మిది పోతే నలభై. సగం కూడా లేదు. "సార్, అందులో కొన్ని..." అని మొదలెట్టాను. పక్కనే ఉన్న ఆటో నడిపే తమ్ముడు నా కాలు తొక్కాడు.

అధికారి తెలివైనవాడు. పుస్తకం మూసి నెమ్మదిగా చెప్పాడు. "దొంగ సంతకాలుంటే తీర్మానం చెల్లదు, నిజమే. కానీ ఆ సంతకాలు పెట్టిన మనిషి మీద పోలీసు కేసు అవుతుంది. ఎవరో రాసివ్వండి. ఇప్పుడే రద్దు చేస్తాను."

బయటికొచ్చాక రంగుల బాబాయ్ నా మొహం చూశాడు. "నువ్వు నోరు మూసుకో. ఇంకో దారి చూద్దాం." ఇంకో దారి అంటూ మూడు రోజులు తిరిగాం. కాంట్రాక్టరు ఇంటికెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. పెద్దసారుని నిలదీస్తే నీళ్ళు నమిలాడు. "నా చేతుల్లో ఏముందమ్మా, పైనుంచి రాసి పంపించారు, నేను ఎక్కించాను," అన్నాడు. ఆయన మీద జాలిపడాలో చెంప పగలగొట్టాలో నాకు తెలియలేదు. శనివారం సూపర్‌వైజరు మా చిన్నదాని కోసం మూలన స్టూలు కూడా వేయించాడు.

ఆదివారం బడి ఆవరణలో అందరం చేరాం. షెడ్డు ఆడవాళ్ళు కూడా వచ్చారు. నేను లేచి చెప్పేశాను.

"ఆ తొమ్మిది సంతకాలు నేను పెట్టాను. రేపు రాసిస్తాను."

"జైల్లో పెడతారు," అన్నాడు ఆటో తమ్ముడు.

"పెట్టనీ. మనకి తీరిక లేదని వాళ్ళకి బాగా తెలుసు. మనం చదవం అని తెలుసు, అడగం అని తెలుసు, ఒకళ్ళ బదులు ఇంకొకళ్ళం పెట్టేస్తామని కూడా తెలుసు. దాని మీదే బతుకుతున్నారు. నేను భయపడి కూర్చుంటే రేపు నా కూతురు కత్తెర పట్టుకుంటుంది. నా వల్ల కాదు."

రంగుల బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "నీ ఒక్కదాని కాగితం చాలదమ్మా. మేం పెట్టలేదని ఆ తొమ్మిది మందీ వచ్చి చెప్పాలి."

అందరూ షెడ్డు ఆడవాళ్ళ వైపు తిరిగారు.

"రేపు సోమవారం. పని మానేస్తే మళ్ళీ రానిస్తాడా?" అంది ఒకామె.

"పోలీసులంటే నాకు వణుకు," అంది ఇంకొకామె.

పొడుగక్క చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. మూడేళ్ళు వీళ్ళ బదులు తిరిగానే, ఒక్క పూట నా కోసం రాలేరా అనుకున్నాను. వీళ్ళకి నేనే అలా అలవాటు చేశానని అప్పుడు తట్టలేదు.

సోమవారం ఎనిమిదింటికే బడికి వెళ్ళాం. వరండాలో బెంచీలు దింపి వరసగా వేశాం. పిల్లల్ని కూర్చోబెట్టాం. ఈ మధ్యే కొత్తగా చేరిన పంతులమ్మ ఒకామె, ఎవరూ చెప్పకుండానే సుద్దముక్క తీసుకుని గోడ మీద ఎక్కాలు రాయడం మొదలెట్టింది. సిమెంటు లారీ వచ్చేసరికి గేటుకి అడ్డంగా కూర్చున్నాం. లారీ వెనకే కాంట్రాక్టరు కారు, దాని వెనక అధికారి, ఆయన వెనక పోలీసు జీపు.

"లేవండి. ప్రభుత్వ పనికి అడ్డం పడుతున్నారు," అన్నాడు ఎస్సై.

"బడి ప్రభుత్వానిది కాదా?" అన్నాడు రంగుల బాబాయ్.

నేను లేచి అధికారి చేతికి కాగితమిచ్చాను. ఆయన చదివి చిన్నగా నవ్వాడు.

"నువ్వొక్కదానివి చెప్తే సరిపోదు. ఆ తొమ్మిది మంది ఏరీ?"

నేను రోడ్డు వైపు చూశాను. ఎవరూ లేరు.

"నేరం ఒప్పుకుంది, తీసుకెళ్ళండి," అన్నాడు ఎస్సైతో.

జీపు ఎక్కేటప్పుడు మా చిన్నది బెంచీ మీంచి లేచి నిలబడింది. అది ఏడవలేదు. నాకే ఆగలేదు. కూర్చో, కూర్చోమని సైగ చేశాను.

తర్వాత జరిగింది నేను చూడలేదు. వాళ్ళు చెప్పగా విన్నాను. ఆటో తమ్ముడు తిన్నగా షెడ్డు కిటికీ దగ్గరికి పోయి, "కమిటీని పట్టుకెళ్ళారు," అని అరిచాడు. పొడుగక్క మిషను ఆపేసింది.

"ఎక్కడికి?" అన్నాడు సూపర్‌వైజరు.

"బడికి. మూడేళ్ళయింది మా పిల్ల చేరి. ఏ గదిలో కూర్చుంటుందో నేనింతవరకూ చూడలేదు."

ఆమె వెనక ఇద్దరు, ఆ వెనక ఆరుగురు లేచారు. సూపర్‌వైజరు గేటు వేయించబోయాడు. అప్పుడు పిల్లలు లేనివాళ్ళు, పెళ్ళి కానివాళ్ళు కూడా లేచారు. పనిబట్టల్లోనే, చీరలకి దారప్పోగులతోనే, అందరూ రోడ్డు మీద నడిచొచ్చారు. అంతమందిని చూసి లారీ డ్రైవరు బండి వెనక్కి తీసుకుని దిగి, తనూ గోడ పక్కన నిలబడ్డాడట.

తొమ్మిది మంది అధికారి ముందు నిలబడి ఒక్కొక్కరే రాసిచ్చారు. చివర గుండీలు కుట్టే వదిన వచ్చింది. అధికారి పుస్తకం చూపించి, "ఇంత అందంగా సంతకం పెట్టి ఇప్పుడు నాది కాదంటావా?" అన్నాడు.

"నాకు సంతకం రాదయ్యా," అందామె. "నేను వేలిముద్ర వేస్తాను. దాని వేలితో నా ముద్ర పడదు కదా, అందుకని నాకూ సంతకమే పెట్టింది పిచ్చిది."

జనం గొల్లున నవ్వారు. అధికారి నవ్వలేదు. ఆ తొమ్మిది మంది ఏరీ అని అంతమంది ముందు అడిగాక ఆయనకి దాటేసే దారి లేకపోయింది. విచారణ అయ్యేదాకా తీర్మానం ఆపుతున్నట్టు అక్కడే నిలబడి రాసిచ్చాడు. రంగుల బాబాయ్ దాన్ని గట్టిగా రెండుసార్లు చదివించాకే గేటు వదిలారు. బస్తాలు సాయంత్రానికి బయటికి పోయాయి. నన్ను పూచీకత్తు మీద వదిలారు. కేసు ఇంకా నడుస్తోంది. కోర్టు గుమ్మం ఎన్నిసార్లు ఎక్కాలో తెలీదు.

గెలిచామనుకుని ఇంటికెళ్ళి పడుకున్నాను. అంత తేలిగ్గా వదులుతారా వీళ్ళు?

మంగళవారం పొద్దున చిన్నదాన్ని మూడో తరగతిలో కూర్చోబెట్టి షెడ్డుకి వెళ్ళాను. గేటు మీద కాగితం అంటించి ఉంది. పది పేర్లు. పనిలోంచి తీసేశారు. ఆ తొమ్మిది మందివీ, నాదీ. గుండీల వదిన నా చెయ్యి పట్టుకుని, "నా పేరెక్కడుందో చూపించు," అంది. చూపించాను. చాలాసేపు చూసింది.

మిగతావాళ్ళు వస్తున్నారు. ఒక్కొక్కరూ కాగితం ముందు ఆగి పైనుంచి కిందిదాకా చదువుతున్నారు. చదవలేనివాళ్ళకి పక్కవాళ్ళు చదివి చెప్తున్నారు. చదివినవాళ్ళు చదివినట్టే గేటు బయట నిలబడిపోతున్నారు. తొమ్మిదయింది. లోపల ఒక్క మిషనూ తిరగడం లేదు. దారాలు కత్తిరించే ఆరుగురు పిల్లలు కూడా మా మధ్యలోనే ఉన్నారు.

సూపర్‌వైజరు గేటు కొంచెం తెరిచాడు. "ఆ పది మంది తప్ప మిగతావాళ్ళు లోపలికి రండి."

ఒక్కరూ కదల్లేదు.

"మీకేం కావాలో చెప్పడానికి ఒకళ్ళు రండి. మీలో మాట్లాడేదెవరు?"

అలవాటు కొద్దీ కొందరు నా వైపు చూశారు. నేను నోరు తెరిచేలోపే గుండీల వదిన మొదలెట్టింది, పొడుగక్క అందుకుంది, ఎవరూ ఎవరి మాటా ఆపకుండా నూట ఇరవై మందిమీ ఒక్కసారే మాట్లాడటం మొదలెట్టాం.