పిల్లకాలువ చివరి కస్టమరు

జగిత్యాలలోని పిల్లకాలువ నెట్‌వర్క్స్ మూతపడేనాటికి అందులో మిగిలింది స్పందన ఒక్కతే. ఎక్కడో దూరాన ఉన్న వీడియోకు నకలు తీసి, ఊళ్లోని తమ సర్వర్ పెట్టెలో దాచి, అడిగినవాళ్లకు ఆగకుండా అందించడం ఆ కంపెనీ పని. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో మూడు పెట్టెలుండేవి. పెద్ద కంపెనీలు వచ్చాక కస్టమర్లు ఒక్కొక్కరే అటు మళ్లారు. తన ఉద్యోగమూ పోతున్నదని తెలిసినా, స్పందన మిగిలినవాళ్లందరికీ ఫోన్లు చేసి, కొత్తచోట కుదురుకునేదాకా వెంట ఉండి సాగనంపింది. చివరికి మిగిలినవాడు లక్ష్మీరాజం సారు.

సారు భార్య కౌసల్య లెక్కల టీచరు. నూట పన్నెండు పాఠాలు ఇంట్లోనే రికార్డు చేసి, తన కంప్యూటర్లోంచే పిల్లల కోసం ఇంటర్నెట్‌లో పెట్టింది. ఆమె పోయి అయిదు నెలలు.

"కొత్త కంపెనీవాళ్లు అసలు వీడియోలు అడుగుతున్నరు సార్. మేడం కంప్యూటర్ ఏడుంది?" అంది స్పందన.

"అది లేదు బిడ్డా. పదకొండు దినాలైనంక ఆమె వాడినవన్నీ ఇచ్చెయ్యాలన్నరు. కంప్యూటర్ రాయికల్ బడికిచ్చిన. మొత్తం తుడిపిచ్చే ఇచ్చిన. అన్నీ మీ దగ్గర్నే ఉన్నయి గదా?" అన్నాడు.

"మా దగ్గర ఉండేది నకల్లే సార్. ఏ ఊళ్లె పిల్లలు చూసిన పాఠం ఆ ఊరి పెట్టెల ఉంటది. ఎవ్వరు చూడంది ఏడ ఉండది. ఇయ్యాల ఆరింటికి పెట్టెలు బందు చెయ్యాలె. పోదాం పాండ్రి."

తనూ ముప్పై ఏళ్లు బడిలో పిల్లల తప్పులు దిద్దిన సారుకు, ఎదుటివాళ్ల తప్పును ఇంత మెత్తగా చూపించడం ఎంత కష్టమో తెలుసు.

జగిత్యాల పెట్టెలో ముప్పై నాలుగు దొరికాయి. కోరుట్లలో కొత్తవి పదహారు. స్పందన భోజనం మాటెత్తకుండా సిరిసిల్ల దారి పట్టింది. బస్సులోనూ ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని జాబితా సరిచూస్తూనే ఉంది.

సిరిసిల్ల పెట్టె కేబుల్ నడిపే మహేశ్ ఇంటి పైగదిలో ఉంది. కింద మరమగ్గాలు ఆడుతున్నాయి.

"ఇంకింత లేటైతే ప్లగ్గు పీకుదామనుకున్న," అన్నాడు మహేశ్.

"పీకితే నీ కేబుల్ గూడ బందైతుండె అన్నా," అంటూ ఆమె తీగ తగిలించింది.

"టీచరమ్మ పాఠాలా? మా సాంచాల కాడ పిల్లలు గవే చూస్తరు. గింత సప్పుడుల గూడ ఆమె గొంతు సాఫ్ ఇనవడుతదట."

నలభై తొమ్మిది కొత్త పాఠాలు డిస్కులోకి వచ్చాయి.

"సక్కగ వచ్చిందో లేదో ఒకటి ఇని చెప్పుండ్రి సార్."

అయిదు నెలలుగా అతను ఆ గొంతు వినలేదు. స్పందన ఇయర్‌ఫోన్లు చేతికిచ్చి కిటికీ వైపు తిరిగింది. పాఠం అయ్యేదాకా అటే నిలబడింది.

"ఆమెదే," అన్నాడతను.

"పదమూడు దొరకలే సార్. ఎవ్వరు చూసినట్టు లేదు."

అతను జాబితా చూశాడు. అన్నీ వృత్తలేఖినితో గీసే పాఠాలు. "ఇవి చెప్పుడు ఆమెకు గూడ ఇష్టముండకపోయేది."

స్పందనకు నవ్వొచ్చి ఆపుకుంది. అతను నవ్వాక తనూ నవ్వింది.

"దొరికినవన్నీ రేపు కొత్తదాంట్ల ఎక్కిస్త."

"రేపు నీకు నౌకరే ఉండది గదా బిడ్డా."

"పాఠాలున్నయి గదా సార్."

ఆరింటికి ఆమె పెట్టె ఆపింది. గోడకున్న స్క్రూలు ఆమె విప్పుతుంటే, పెట్టె పడకుండా అతను కింద రెండు చేతులూ పట్టాడు.