రవ్వంత గాలి

"ఓ పిల్లా, మంట ఎగదొయ్యి! నీళ్ల దిక్కు చూసుకుంట నిలబడితె పసుపు ఉడుకుతదా?" అంది మా అత్త శంకరమ్మ.

ఎగదోశాను. పొగ కళ్లలో కొట్టింది. తొంభై రెండులో, ముప్కాల్ దగ్గరి మా చేనులో పసుపు ఉడకబెట్టే రోజులవి. మా అత్తగారింట్లో ఒక పట్టింపు ఉంది. కడాయి కింద మొదటి నిప్పు పెట్టిన ఆడమనిషి ఆఖరి కడాయి దించేదాకా ఊరు దాటకూడదు. దాటితే పసుపు రంగు విరిగిపోతుందట. ఆ ఏడు నిప్పు నా చేతికిచ్చారు. కొత్త కోడలికి మర్యాద చేశారని మురిసిపోయాను కూడా, ఎంత పిచ్చిదాన్నో!

కడాయిలో నీళ్లు మరుగుతుంటే వరంగల్ గుర్తొచ్చేది. అక్కడి కాలేజీ ల్యాబులో నేను నిప్పు లేకుండా మరిగే నీళ్ల గురించి చదివాను. నీళ్లలో ముంచిన ఇనుప ముక్కను ఒరుసుకుంటూ నీళ్లు మరీ జోరుగా పారితే అక్కడ ఒత్తిడి పడిపోతుంది, చల్లటి నీళ్లే బుడగలు కడతాయి. అవి ఇనుము మీద పగిలి దాన్ని కొరికేస్తాయి. ముక్కకు సన్నటి బెజ్జం పెట్టి రవ్వంత గాలి వదిలితే బుడగలు మెత్తబడతాయి, చప్పుడు తగ్గుతుంది, ఇనుము బతుకుతుంది. గాలి మరీ ఎక్కువైతే మాత్రం ముక్కను చుట్టూ కప్పేస్తుంది. అప్పుడది నీళ్ల నడుమే ఉంటుంది, నీళ్లు దాన్ని తాకవు. ఎంత గాలి చాలు, ఎంతైతే ఎక్కువ? అదే నా పరిశోధన. సగంలో ఉండగా పెళ్లయింది. "సదువు ఆపుమని ఎవలన్నరు? పోదువు తియ్" అన్నాడు పెళ్లిచూపుల్లో మా ఆయన రాజేశ్వర్.

ఆ ఎండలకు బావిలో నీళ్లు దిగిపోయి, మోటరు గులకరాళ్లు నమిలినట్టు చప్పుడు చేసేది. విప్పితే లోపలి చక్రం నిండా గుంతలు, ఆ బుడగలు కొరికినవే. మోటరును కిందికి దించాలన్నాను, ఎవరూ వినలేదు. అయితే నీళ్లు గుంజే పైపుకు చిన్న కుళాయి బిగించి కొద్దిగా గాలి పోనివ్వమన్నాను. "కోడలు మోటరుకు ముక్కు కుట్టిస్తదట!" అని మా అత్త విరగబడి నవ్వింది. బిగించాక నీళ్లు కొంచెం తగ్గినా మోటరు చప్పుడు నెమ్మదించింది. నందిపేట్ నుంచి చూడొచ్చిన చుట్టాలతో "నేనే సోంచాయించి పెట్టిన" అన్నాడు మా ఆయన. నేను పక్కనే చాయ్ అందిస్తున్నాను. వాళ్లు పోయాక నా భుజం మీద చెయ్యేసి, "నీ తెలివి నాది కాదా గంగామణీ" అన్నాడు. ఆ ఒక్క మాటకు కరిగిపోయాను.

ఎప్పుడూ అంతే. సీటు పోతుంది, వెళ్లాలి అంటే, "ఆఖరి కడాయి కానియ్యి, నేనే బస్సెక్కిస్త" అనేవాడు నవ్వుతూ. ఒక్కనాడూ కసురుకోలేదు. కసిరితే కొట్లాడేదాన్ని కదా!

ఆఖరి కడాయి రోజు రానే వచ్చింది. నురగ పొంగి పసుపు వాసన చేనంతా కమ్ముకుంది. రేపు వెళ్తానని మనసులోనే బట్టలు సర్దుకుంటున్నాను. ఆర్మూర్‌లో పసుపు కమీషన్ దుకాణం నడిపే మా ఆయన మేనమామ భూమన్న సరుకు చూడ్డానికి వచ్చాడు.

"మస్తు ఉడికింది బిడ్డా. సదువు ఇడిసిపెట్టి మంచి పని చేసినవ్."

"ఎవలు ఇడిసిపెట్టిన్రు మామా?"

"గదేంది! మీ వరంగల్ సారు మా దుకాణంకే గదా ఫోన్ చేసింది. రాజేశ్వర్ మాట్లాడిండు. 'మా ఆమెకు ఇష్టం లేదు, సీటు ఇంకెవలకన్న ఇయ్యున్రి' అన్నడు. పసుపు తవ్వక ముందుగాల ముచ్చటాయె."

తవ్వక ముందు! అంటే నా చేతికి నిప్పు ఇచ్చేనాటికే సీటు లేదు. లేని సీటు కోసం ఇన్నాళ్లూ పొగలో నిలబడి కలలు కన్నాను. అతను కూడా లేని బస్సే ఎక్కిస్తానన్నాడు, అంత చల్లగా, అంత ముద్దుగా. కుమిలి కుమిలి ఏడ్చాను. పొగకే కళ్లు కారుతున్నాయనుకుంది మా అత్త.

మా ఆయన రాగానే అడిగాను. తల దించుకోలేదు. "గిప్పుడెందుకు గా ముచ్చట? నీకేం తక్కువ చేసిన? ఎన్నడన్న ఒక్క మాటన్ననా?"

"అనలే. గందుకే నాకు తెల్వలే."

బావి దగ్గరికి పోయి పైపుకున్న ఆ చిన్న కుళాయి తిప్పి మూసేశాను. గాలి ఆగింది. గులకరాళ్ల చప్పుడు చేనంతా నిండింది.

"ఏమైందే దానికి?" అని అరిచింది అత్త.

"ఏం గాలే అత్తా. మొదటిసంది ఉన్న చప్పుడే."

కడాయి ఇంకా దించలేదు. కింద నిప్పు రగులుతూనే ఉంది. చేను గట్టు దాటి రోడ్డు వైపు నడిచాను.

"యేడికే?" అన్నాడు మా ఆయన వెనకనుంచి.

"వరంగల్‌కు. ఇష్టం లేదన్నది నేను కాదని సారుకు చెప్పొస్త."

సీటు రాదని తెలిసే బస్సెక్కాను.