గుర్తు తీసిన కోటు

అడిగినప్పుడు కదా అబద్ధం, అడగనప్పుడు ఊరుకుంటే అబద్ధమెలా అవుతుంది, అయినా పోయినవాడికి చొక్కాతో పనేమిటి, చొక్కాకి మాత్రం ఎవడు తొడుక్కుంటే ఏమిటి అనుకుంటూ జగన్నాధం కోటు అస్తరు కుట్లు సూదిమొనతో ఒక్కొక్కటే విప్పుతున్నాడు. మెడపట్టీ కింద నల్లజీడి రసంతో పెట్టిన చాకలి గుర్తు ఉంది. రెండు నిలువు గీతలు, పక్కన ఒక చుక్క. ఎంత ఉతికినా పోయేది కాదు. ఆ మేరకు గుడ్డ కత్తిరించి, అదే రంగు ముక్క వేసి కుట్టాలి.

విజయనగరంలో మూడు లాంతర్ల కూడలికి వెనక సందులో, సేవాసమాజం వారి పాతబట్టల కొట్టులో తొమ్మిదేళ్లుగా అతను చేస్తున్న పని ఇదే. జీతం లేదు. కోర్టులో నకళ్లు రాసి రాసి బయటికొచ్చిన ఒంటరి మనిషి. రాతకి వంగిన వీపు కుట్టుకీ పనికొచ్చింది. ఊళ్లోవాళ్లు ఇచ్చిన బట్టలూ గిన్నెలూ అమ్మి, ఆ డబ్బుతో పెరట్లో పాకలో ఉండే క్షయరోగులకి సూదిమందూ పాలూ ఇస్తారు. ఆసుపత్రిలో మంచం దొరకని పైఊరివాళ్లు ఆ పాకలో తలదాచుకుంటారు.

కొట్టు పెట్టిన కొత్తలో గుర్తుల సంగతి ఎవరికీ తట్టలేదు. సోములనే బండివాడు ఇక్కడ కొన్న చొక్కా ఉతుక్కి వేస్తే, చాకలి గుర్తు చూసి తిన్నగా పాత యజమాని ఇంటికి చేర్చేశాడు. సోములు వెళ్లి నా చొక్కా అన్నాడు. తల్లి దానం ఇచ్చిందని తెలియని కొడుకులు అతన్ని దొంగని చేసి కొట్టారు. ఆ మర్నాడే జగన్నాధం సూది పట్టాడు.

తీసెయ్యాలంటే ముందు చూడాలి. చూసి చూసి ఏ గుర్తు ఏ ఇంటిదో అతనికి కంఠతా వచ్చింది. బతికున్నవాడు ఒక చొక్కా ఇస్తాడు. పోయినవాడివి అన్నీ ఒకేసారి వస్తాయి, ఉతికి, మడతపెట్టి. ఏ ఇంట్లో ఎవరు పోయారో, ఎన్నాళ్లకి పెట్టె తెరిచారో అతనికి తెలిసేది. ఇందరి గుట్టు తెలుసు, ఒక్కరి గుమ్మమూ ఎక్కనక్కర్లేదు. ఇవ్వడంలో ఉన్న సుఖం అదేనేమో అని ఒక్కోసారి అనిపించేది. చెయ్యి చాపితే చాలు, దగ్గరికి పోనక్కర్లేదు. పాకలోకి అతను ఒక్కసారీ అడుగు పెట్టలేదు. మందుసీసాలు పెరటి గడప మీద పెట్టి పిలిచేవాడు.

ఈ కోటు నిన్న సమాజం కార్యదర్శి లక్ష్మీనరసమ్మగారు స్వయంగా తెచ్చారు.

"మా మావగారిదండీ. పెట్టె తీసినప్పుడల్లా ఆయన దగ్గు వినిపిస్తున్నట్టే ఉంటోంది," అని, వెళ్తూ వెళ్తూ ఆగి, "ఎవరైనా అడిగితే మాత్రం..." అన్నారు.

"ఎరుగుదునండీ," అన్నాడతను.

కొట్టులో ఉన్న ఉన్నిబట్ట అదొక్కటే. పుష్యమాసపు చలి. పాకలో ఎర్రన్నకి రాత్రిళ్లు వణుకు ఆగడం లేదు. భోగాపురం పక్క పల్లె నుంచి వచ్చిన సముద్రపు మనిషి. రొమ్ముకి చలి తగిలితే ఇన్నాళ్ల సూదులూ వృథా అని డాక్టరు చెప్పాడు. కానీ చచ్చినవాడి బట్ట తొడిగితే ఆ చచ్చినవాడు తోడుకి పిలుస్తాడని ఎర్రన్న భయం. కొట్టులోవి ఏవి ఇచ్చినా విసిరి కొడుతున్నాడు.

ఎర్రన్న భార్య కూర్మమ్మ వచ్చి బల్ల ముందు నిలబడింది. నడుం మీద చెయ్యి వేసుకుని కాసేపు చూసింది.

"ఏటి బాబూ, పొద్దుట్నించీ ఆ కోటుకి పేలు సూస్తన్నావా?"

"అయిపోయింది."

ఆమె చీర కొంగు ముడి విప్పి అర్ధరూపాయి బల్ల మీద పెట్టింది. కోటు అందుకుని, పెరటి తలుపు వైపు మొహం తిప్పి, గొంతెత్తి అడిగింది. "సచ్చినోడిది కాదు గదా?"

అతని చేతిలో సూది ఆగింది. ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. అడగకుండా తల వంచుకుని పట్టుకుపోయేవాళ్లే అందరూ.

"కాదు," అన్నాడు. తన గొంతు తనకే కోర్టు బంట్రోతు గొంతులా వినిపించింది. "బదిలీ మీద వెళ్లిపోయిన ఆఫీసరుగారిది. ఒళ్లొచ్చి పట్టడం లేదట."

"ఇన్నావా మావా! ఒళ్లొచ్చీసిందంట. నీకూ అలాగే వస్తాది సూడు!"

పాకలోంచి సన్నటి గొంతు వచ్చింది. "ఒసే, నాను దొరనైపోతే నిన్నెవుడు ఏలుకుంటాడే?" ఆ వెనకే నవ్వు. నవ్వు కాస్తా దగ్గులోకి తిరిగింది.

మధ్యాహ్నం జగన్నాధం కిటికీలోంచి చూశాడు. ఎండలో నులకమంచం మీద ఎర్రన్న, చేతులు మునివేళ్ల దాకా కోటులో మునిగిపోయి కూర్చున్నాడు. పాలగ్లాసు ఖాళీ చేశాడు. జగన్నాధం తిరిగొచ్చి ఒక పిల్లగౌను చంకకింద చిరుగు కుట్టసాగాడు. అబద్ధాలకి కూడా వెచ్చదనం ఉంటుంది కాబోలు అనుకున్నాడు. కొంత సేపటికి దగ్గు వినిపించడం లేదని గమనించాడు. నిద్రపట్టి ఉంటుంది. ఇన్నాళ్లకి ఒక మంచిపని చేశాననిపించింది. ఆ తృప్తితోనే గౌను పూర్తి చేసి, గుండీలు కూడా కుట్టాడు.

కూర్మమ్మ తలుపు దగ్గరికొచ్చి, లోపలికి రాకుండా నిలబడింది.

"అయిపోనాది బాబూ. పడుకున్నోడు పడుకున్నట్టే."

వాళ్ల పల్లెకి కబురు వెళ్లి మనుషులు వచ్చేసరికి తెల్లారుతుంది. రోగంతో పోయిన శవాన్ని అంతసేపు ఉంచొద్దని సందులోవాళ్లు అరుగుల మీదినుంచే కేకలేశారు. లక్ష్మీనరసమ్మగారు వెదుళ్లూ కోరాగుడ్డా పంపించారు. చేపల గంపతో బజారుకొచ్చి ఉన్న కూర్మమ్మ తమ్ముడు నూకయ్య పరుగున వచ్చాడు. రిక్షా గంగులు వచ్చాడు. కొట్టు కాపలా రాముడున్నాడు. అంతే. పాకలో మిగిలినవాళ్లు బిందె ఎత్తలేని మనుషులు.

"ఇంకో బుజం ఉంటే లేపీవోలం," అన్నాడు నూకయ్య, అరుగుల వైపు చూస్తూ. "సీకటడిపోతన్నాది."

అరుగులు ఖాళీ అయ్యాయి.

జగన్నాధం పెరటి గడప దాకా వచ్చాడు. కూర్మమ్మ పక్కకి తిరిగి నిలబడి ఉంది. చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేననిపించింది.

"కూర్మమ్మా, ఆ కోటు..."

"తెల్సు బాబూ." ఆమె తల తిప్పలేదు. "బతికున్నోడు అలాటి కోటు ఇచ్చేస్తాడేటి? మావ ఇనాలనే గట్టిగా అడిగినాను. నువ్వు కాదన్నావు. మజ్జాన్నం ఒనుకు లేకుండా పడుకున్నాడు. ఎచ్చగా పోనాడు."

తొమ్మిదేళ్లు. అడగకుండా తల వంచుకుని పట్టుకుపోయినవాళ్లందరి మొహాలూ అతని కళ్లముందు కదిలాయి. ఎవరికీ తెలియదనుకున్నది తనొక్కడే. గుర్తులు కత్తిరించి వాళ్లనుంచి దాచిందేమీ లేదు. వాళ్లే తనని మన్నించి ఊరుకున్నారు.

కోటు తియ్యలేదు. దానిమీదే కోరాగుడ్డ కప్పి పాడెకి కట్టారు. ముగ్గురూ మూడు కొసల దగ్గర కూర్చున్నారు. నాలుగో కొస నేలమీద ఉంది.

జగన్నాధం గడప దిగాడు.

"బాబూ, తమరా?" అన్నాడు రాముడు.

"పట్టు," అన్నాడు జగన్నాధం, వంగి వెదురు కింద భుజం పెడుతూ. తడి వెదురు మెడనరం మీద ఒరుసుకుంది. అనుకున్నంత బరువు లేదు, అదే భరించరానిదిగా ఉంది.

సందు మలుపులో నలుగురూ కనుమరుగయ్యాక, పెరట్లో గడప కింద అతని తోలు చెప్పులు మిగిలాయి. మడమల దగ్గర అరిగి, ఒకటి తిన్నగా, ఒకటి ఒరిగి, రెండూ పాక వైపే తిరిగి ఉన్నాయి.